ఊరి ముచ్చటకు గ్రంథాలయంలో చోటు

1921లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్రజన సంఘం నెత్తికెత్తుకున్న పనుల్లో రెండు ముఖ్యమైనవి. ఊరూరా గ్రంథాలయాలు, పఠన మందిరాలు పెట్టడం ఒకటి. తాళపత్రాలను, శాసనాలను వెతికి పోగుచేయడం రెండోది. మాడపాటి హనుమంతరావుకూ ఆయన సహచరులకూ ఈ రెండూ వేరువేరుగా తోచలేదు. పరిశోధన కోసం పెట్టిన సంఘానికి, కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కన్నుమూశాక, లక్ష్మణరాయ పరిశోధక మండలి అని పేరు పెట్టుకున్నారు. ఆదిరాజు వీరభద్రరావు వంటి వారి పట్టుదలతో ఆ మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చు వేసింది.

అంతకు ఏడాది ముందు సురవరం ప్రతాపరెడ్డి మరో దారి చూపించారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన వాదనతో జవాబివ్వలేదు. పల్లెల నుంచి పద్యాలు, కవుల వివరాలు తెప్పించి, 354 మందితో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. పంపింది జనం, పేర్చి అచ్చు వేసింది సంపాదకుడు. స్థానిక చరిత్రను కూడగట్టడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఇప్పటికీ లేదు.

కరీంనగర్ గడ్డ మీద ఆ పద్ధతి ఎంత దూరం తీసుకుపోతుందో కోటిలింగాల చూపించింది. గోదావరిలో పెద్దవాగు కలిసే చోట ఉన్న ఈ ఊళ్లో పాత నాణేలు దొరుకుతుండేవి. పెద్దపల్లి ప్రాంతానికి చెందిన ఠాకూర్ రాజారాం సింగ్ వాటిని ఓపికగా సేకరించారు. శాసన పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి లోకానికి చెప్పారు. గోభద, నారన, కంవాయసిరి, సమగోప అనే, అంతకుముందు చరిత్ర పుస్తకాల్లో లేని పాలకుల పేర్లు బయటపడ్డాయి. శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుడి నాణేలూ ఇక్కడే దొరికాయి. పురావస్తు శాఖ తవ్వకాలు జరిగింది ఆ తర్వాతే. మొదటి అడుగు ఒక స్థానికుడిదన్న సంగతిని ఇక్కడి ప్రతి బడిలోనూ చెప్పాలి.

ఆ కోటిలింగాల మీదికే ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక జలాలు ముంచుకొచ్చాయి. మధ్యమానేరు కింద కొదురుపాక, అనుపురం, రుద్రవరం, చింతలఠాణా లాంటి ఊళ్లు మునిగాయి. బొగ్గు బెల్టులో ఓపెన్ కాస్టు గనులు ఇంకొన్ని పల్లెలను మింగాయి. పునరావాస కాలనీకి ఇల్లు తరలుతుంది, పట్టా తరలుతుంది. ఏ బావి ఎవరు తవ్వించారు, ఏ చెట్టు కింద పంచాయితీ కూర్చునేది, పీర్లు ఏ వాడ నుంచి లేచేవి అన్నవి ఒక తరం ముసలివాళ్ల నోళ్లలోనే మిగిలాయి. వాళ్లు పోతే అవీ పోతాయి.

ఆదిలాబాద్ అడవుల్లో కథ ఇంకో రకం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాక, గోండుల గోడు తెలుసుకోవడానికి నిజాం సర్కారు పంపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, భార్య ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో ఉన్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో అచ్చు వేశారు. ఆ రోజుల్లో గోండీకి సొంత లిపి ఉందని బయటివాళ్లకు తెలియదు. నార్నూరు మండలం గుంజాలలో మాత్రం ఆ లిపిలో రాసిన ప్రతులు ఇళ్లలోనే ఉన్నాయి. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు 2006 ప్రాంతంలో వాటిని వెలుగులోకి తెచ్చారు. కొన్ని ప్రతులు 1750 నాటివని అంచనా. అప్పటికి వాటిని చదవగలిగినవాళ్లు కొద్దిమంది వృద్ధులే. ఇంకొక పదేళ్లు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయమేస్తుంది. 2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు దాన్ని ఫోన్ల మీదా కంప్యూటర్ల మీదా రాయవచ్చు.

హైమన్‌డార్ఫ్ తీసిన వేల ఫొటోలు, ఆయన డైరీలు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో ఉన్నాయి. వాళ్లు ఫొటోలను భద్రపరిచి, డిజిటల్ చేసి అందరికీ చూపిస్తున్నందుకు కృతజ్ఞత చెప్పాల్సిందే. కానీ ఆ ఫొటోల్లో ఉన్న మనిషి ఎవరో, ఏ ఇంటివాడో, డప్పు పట్టింది ఏ పండుగకో చెప్పగలిగినవాళ్లు లండన్‌లో లేరు. మార్లవాయిలో, జైనూరులో, ఉట్నూరులో ఉన్నారు. ఆ ఫొటోల డిజిటల్ ప్రతులను ఇక్కడి గ్రంథాలయాల్లో తెర మీద వేసి, పెద్దలు చెప్పే పేర్లు రాసిపెట్టే పని ఇంకా ఆలస్యం కాకూడదు.

ఇలాంటి పనిని ఒంటరిగా చేసి చూపినవాళ్లు ఆదిలాబాద్ జిల్లాలో లేకపోలేదు. సామల సదాశివ ‘యాది’ చదివితే ఆదిలాబాద్ మనుషులు, ఉర్దూ మాట, పాట కళ్లకు కడతాయి. కళాశ్రమం రవీంద్రశర్మ చేతివృత్తుల వారి కథలను జీవితాంతం చెప్పి చెప్పించారు. ఇద్దరూ ఇప్పుడు లేరు. వ్యక్తి చేసిన పని వ్యక్తితో ఆగిపోకూడదంటే దానికో సంస్థ అండ కావాలి.

ఆ సంస్థ కొత్తగా పుట్టనక్కర్లేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనమే కడుతున్నాం. ఆ డబ్బుతో నడవాల్సినవే జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటి శాఖలు. 2016లో ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ముక్కలయ్యాక కొత్త జిల్లాలు వచ్చాయి, చదువుకునే హాళ్లలో మాత్రం ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే నిండిపోయారు. దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. తెలంగాణ చరిత్రను పరీక్ష కోసం బట్టీ పడుతున్న ఆ పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో ఊరి నుంచి వచ్చారు. ఊరికి ఇద్దరు చొప్పున తాతలనూ అమ్మమ్మలనూ ఫోన్‌లో రికార్డు చేసి తెస్తే చాలు, ఏ విశ్వవిద్యాలయమూ చేయలేనంత పని అవుతుంది. తెలంగాణ సాహిత్య అకాడమీ ‘మన ఊరు – మన చరిత్ర’ పేరిట డిగ్రీ విద్యార్థుల చేత సొంత ఊళ్ల చరిత్రలు రాయించింది. ఆ దారిని గ్రంథాలయాలు అందుకోవాలి. తెలుగు వికీపీడియాలో మన పల్లెలకు పేజీలున్నాయి. చాలావాటిలో జనాభా, విస్తీర్ణం, బడి, బస్సు వివరాలు తప్ప మనుషుల కథలు లేవు. ఆ ఖాళీ నింపాల్సింది ఆ ఊరివాళ్లే.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. నిర్మల్‌లో తిరుగుబాటు నాయకుడు రాంజీ గోండును, ఆయన అనుచరులను బ్రిటిష్ వాళ్లు ఉరితీసిన మర్రిని జనం వెయ్యి ఉరుల మర్రి అంటారు. ఆ సంఖ్యకు కాగితం ఆధారం అడగడం చరిత్రకారుడి బాధ్యత, ఆ జ్ఞాపకాన్ని చెప్పినట్టే రాసుకోవడం గ్రంథాలయం బాధ్యత. రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎక్కడ అన్నది ప్రతి రికార్డుకూ జతచేయాలి.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన పోటీలతో పాటు ఈసారి ప్రతి శాఖలో ఒక పూట ఊరి పెద్దలను పిలిచి కూర్చోబెట్టండి. మీ ఇంట్లో పాత ఫొటో, దస్తావేజు, తాత రాసుకున్న నోటుబుక్కు ఉంటే తీసుకెళ్లి నకలు తీయించి ఇవ్వండి. అసలుది మీ దగ్గరే ఉంటుంది.