మూరెడు పేగు నేర్పిన పాఠం



బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఇప్పుడు మన చుట్టుపక్కల ఊళ్లలో కూడా కనిపిస్తున్నారు. బళ్లారి నుంచో, హోసూరు నుంచో, యానాం నుంచో పెద్ద నగరానికి వెళ్లి చేయించుకుని వస్తారు. ఏడాది తిరిగేసరికి గుర్తుపట్టలేనంత సన్నబడతారు. అయితే కొన్నేళ్లు గడిచాక కొందరికి వాంతులు, గుండెల్లో మంట, నీరసం మొదలవుతాయి. కొందరికి పోయిన బరువు మళ్లీ వస్తుంది. మరో ఆపరేషన్ చేసి సరిచేయాలంటారు డాక్టరుగారు. అప్పుడు ఇరుగుపొరుగు ఏమంటారో మీకు తెలుసు: "నోరు కట్టుకోలేకపోయింది!" పాపం, ఆమె కూడా తప్పంతా తనదే అనుకుంటుంది. ఆ మాటలో నిజమెంత? ఈ వైద్యం ఎలా పుట్టి పెరిగిందో తెలుసుకుంటే జవాబు దొరుకుతుంది.

1954లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన సర్జన్ క్రెమెన్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. చిన్నపేగులో ఏ భాగం లేకపోతే ఒంటికి ఏ పోషకం అందదో కుక్కల మీద పరీక్షించి చూశారు. ఆహారాన్ని పీల్చుకునే పేగును తగ్గిస్తే బరువూ తగ్గుతుందన్న ఆలోచనకు అది పునాది.

1956లో లాస్ ఏంజెలిస్‌లో పేన్, డివిండ్ అనే సర్జన్లు ఈ ఆలోచనను మనుషుల మీద అమలు చేయడం మొదలుపెట్టారు. చిన్నపేగు పైభాగాన్ని నేరుగా పెద్దపేగుకు కలిపారు. బరువు తగ్గింది, కానీ ఆగని విరేచనాలతో ఒంట్లోని లవణాలు పోయి రోగులు తల్లడిల్లారు. పేగును మళ్లీ యథాస్థితికి కలిపితే బరువు తిరిగి వచ్చేసింది. చూశారా, దిద్దుబాటు ఆపరేషన్ ఈ వైద్యంతోపాటే పుట్టింది!

తర్వాత వాళ్లు పద్ధతి మార్చారు. 1969లో ప్రకటించిన కొలత ఇది: పైపేగు 14 అంగుళాలు, దాని చివర కలిపిన కిందిపేగు 4 అంగుళాలు. అంటే సుమారు 20 అడుగుల చిన్నపేగులో ఆహారం నడిచే దారి 18 అంగుళాలు. మన లెక్కలో ఒక మూర! మిగతా పేగంతా కడుపులోనే పనిలేకుండా ఉండిపోతుంది.

ఆ మూరెడు పేగుతో చాలామంది సన్నబడ్డారు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ కీళ్లనొప్పులు, విటమిన్ల లోపం, మూత్రపిండాల్లో రాళ్లు బయటపడ్డాయి. కొందరికి కాలేయమే చెడిపోయింది. ఎంతోమందికి పేగును మళ్లీ కలపవలసి వచ్చింది. 1980 నాటికి సర్జన్లు ఆ పద్ధతిని దాదాపు వదిలేశారు. మొదటి ఏడాది తూకం చూసి మెచ్చుకున్న ఆపరేషన్‌ను పదో ఏడాది రక్తపరీక్ష తప్పుపట్టిందన్నమాట.

ఈలోగా అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ ఒక విషయం గమనించారు. పుండు కారణంగా జీర్ణాశయంలో కొంత భాగం తీసేసిన రోగులు మళ్లీ లావెక్కడం లేదు. దాన్ని ఆధారం చేసుకుని ఆయన 1966లో చికాషి ఇటోతో కలిసి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా వేరుచేసి పేగుకు కలపడం ఆ పద్ధతి. 1980లో ఆయనే పేగు జోలికి పోకుండా, జీర్ణాశయాన్ని పిన్నులతో విభజించి పట్టీ వేసే మరో పద్ధతి తెచ్చారు. కొన్నేళ్లకు కొందరిలో ఆ పిన్నుల వరుస విడిపోయింది, మరికొందరిలో దారి ఇరుకై వాంతులు పట్టుకున్నాయి. అలాంటి చాలామందికి దాన్ని బైపాస్‌గా మార్చారు. 1983లో ఏర్పడిన అమెరికా బేరియాట్రిక్ సర్జన్ల సంఘానికి మేసనే తొలి అధ్యక్షుడు. రోగులను ఏళ్ల తరబడి గమనించి లెక్కలు రాసిపెట్టాలని ఆయన పట్టుబట్టారు. 2020లో, నూరేళ్ల వయసులో కన్నుమూశారు.

1993లో బెల్జియంలో చిన్న రంధ్రాల ద్వారా, బిగువు మార్చుకోగల బ్యాండ్ అమర్చారు. అది కూడా కొందరిలో జారింది, కొందరిలో జీర్ణాశయాన్ని ఒరుసుకుని లోపలికి చొచ్చుకుపోయింది. ఎంతోమందికి తీసేశారు. ఇప్పుడు ఎక్కువగా చేసేది జీర్ణాశయాన్ని గొట్టంలా మిగిల్చే స్లీవ్ పద్ధతి. అందులో గుండెల్లో మంట ముదిరితే బైపాస్‌గా మారుస్తున్నారు.

అయితే ఈ ఆపరేషన్లు చెడ్డవని నేను అనడం లేదు. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి సుమారు 4,000 మందిని గమనించిన అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు తక్కువని 2007లో తేలింది. 2009లో వెలువడిన అమెరికా అధ్యయనం బైపాస్, బ్యాండ్ ఆపరేషన్ల తర్వాతి 30 రోజులను పరిశీలించింది. వెయ్యిమందిలో సుమారు ముగ్గురు చనిపోయారు, సుమారు 43 మందికి పెద్ద ఇబ్బంది వచ్చింది. లాభమూ నిజమే, ప్రమాదమూ నిజమే.

ఈ చరిత్ర నుంచి మనం తెలుసుకోవలసింది ఒకటి ఉంది. ప్రతి పద్ధతినీ సర్జన్లే మళ్లీ మళ్లీ దిద్దుకుంటూ వచ్చారు. అలాంటప్పుడు దిద్దుబాటు అవసరమైన రోగి సిగ్గుపడవలసిన పనేమిటి? తిండి విషయంలో జాగ్రత్త కావాలి, నిజమే. కానీ పిన్ను విడిపోవడం, పట్టీ జారడం ఆమె నోటి చాపల్యం వల్ల కాదు. అన్నిటికంటే, ఆ సిగ్గుతో ఆసుపత్రికి వెళ్లడం మానేస్తేనే అసలు ప్రమాదం.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ఈ ఆపరేషన్ చేయించుకుని ఉంటే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. విటమిన్ మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం ఉంటాయి. వాంతులు ఆగకపోతే ఆలస్యం చేయకండి; బి1 విటమిన్ తగ్గితే మెదడుకూ నరాలకూ దెబ్బ తగులుతుంది. బైపాస్ అయినవారికి ఎన్నేళ్ల తర్వాతైనా హఠాత్తుగా కడుపునొప్పి తీవ్రంగా వస్తే, పేగు లోపల ఇరుక్కుని ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇక నాలుగోది, మన సరిహద్దు ఊళ్లవాళ్లకు మరీ ముఖ్యం. ఆపరేషన్ చేసింది ఒక రాష్ట్రంలో, అర్ధరాత్రి చూసే డాక్టరు మరో రాష్ట్రంలో ఉండవచ్చు. "కడుపు ఆపరేషన్ అయింది" అంటే ఆయనకు సరిపోదు. ఏ ఆపరేషన్, ఏ సంవత్సరం, ఎలా కలిపారు అన్నది రాసిన ఆసుపత్రి కాగితం రేషన్ కార్డంత భద్రంగా దాచుకోండి.