చైనా సెల్లు చరిత్ర: రువీ నుంచి రాజోలు దాకా

మా కోనసీమలో ఒమాన్ అనే దేశం లేదు, మస్కట్టు ఉంది. సలాలాలో పనిచేసేవాడైనా, సోహార్ లో పనిచేసేవాడైనా "మస్కట్టు వెళ్ళాడు" అనే అంటారు. చైనా సెల్లు కూడా అలాంటి మాటే. దాని మీద నోకియా అని రాసి ఉన్నా, వెనకాల కొరికిన యాపిల్ పండు ఉన్నా, కంపెనీది కాకపోతే అది చైనా సెల్లే. అసలు నోకియా ఫోన్లు కూడా కొన్ని చైనాలోనే తయారయ్యేవి, కానీ వాటినెవరూ ఆ పేరుతో పిలవలేదు. అంటే ఆ మాట దేశం గురించి కాదన్నమాట. మరి దేని గురించి? అదే ఈ టపా.

ముందు మస్కట్ సంగతి. ఒమాన్ లో జీఎస్ఎం సెల్ ఫోన్ 1996లో వచ్చింది. దాదాపు తొమ్మిదేళ్ళు ఒమాన్ టెల్ ఒక్కటే దిక్కు. 2005 మార్చిలో రెండో కంపెనీ నవ్రాస్ మొదలైంది (2014లో దాని పేరు ఊరెడూగా మారింది). రెండో కంపెనీ రాగానే జేబులోకి రెండో సిమ్ము వచ్చింది. సెలవులకి ఇంటికెళ్ళేటప్పుడు వేసుకునే ఇండియా సిమ్ము పర్సులో మూడోది. సిమ్ములు పెరిగాయి గానీ, నోకియా ఫోనులో గుంట ఒక్కటే. రెండు నంబర్లు నడపాలంటే రెండు ఫోన్లు మొయ్యాలి, లేదా వెనక డొక్కు ఊడదీసి, బ్యాటరీ తీసి, సిమ్ము మార్చుకోవాలి.

ఈ ఇబ్బంది ఎవరిదో గమనించండి. ఆఫీసులో ఏసీ కింద కూర్చునేవాడిది కాదు, డ్రైవర్లది, తాపీ మేస్త్రీలది, వంటవాళ్ళది, ఇళ్ళల్లో పనికి వెళ్ళిన మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళది. శుక్రవారం వస్తే వీళ్ళలో చాలామందికి రువీ బజారే ఊరు. అక్కడ హై స్ట్రీట్ లో తెలుగు, మలయాళం, ఉర్దూ, బెంగాలీ అన్నీ వినిపిస్తాయి. అందరూ కలిసేది మాత్రం వచ్చీరాని హిందీలో. అలాంటి బజార్లలోకే చైనా సెల్లు వచ్చింది.

అది పుట్టింది చైనాలోని షెన్‌జెన్ లో. చైనావాళ్ళు దీన్ని "షాన్‌జాయ్" అంటారు. కొండల్లో ఉండే కోట అని అర్థం, అంటే సర్కారు చెయ్యి అందని దొంగల స్థావరం. పేరు బాగానే పెట్టుకున్నారు. అయితే ఈ దొంగలకి ఆయుధం ఇచ్చింది మాత్రం ఒక దర్జా కంపెనీ. తైవాన్ లో 1997లో మొదలైన మీడియాటెక్ మొదట్లో సీడీ, డీవీడీ డ్రైవులకి చిప్పులు చేసేది. 2000 తర్వాత సెల్ ఫోన్ చిప్పుల్లోకి దిగి ఒక కొత్త పద్ధతి మొదలెట్టింది. చిప్పు ఒక్కటే అమ్మకుండా, దానితో పాటు నడిచే సాఫ్ట్‌వేరు, సర్క్యూట్ డిజైను కలిపి ఇచ్చింది. అంతకుముందు ఫోను చెయ్యాలంటే వందలమంది ఇంజనీర్లు, ఏళ్ళ తరబడి పని. ఇప్పుడు పాతికమంది ఉన్న షాపు కూడా డొక్కు ఒకటి అచ్చు పోసి, కొన్ని నెలల్లో బజారులో పెట్టగలదు. 2007లో చైనా ప్రభుత్వం ఫోన్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదని ఎత్తేశాక ఇంక అడ్డే లేకపోయింది. అలా నోకియాని పోలిన "నోక్లా"లు, ఐఫోన్ ని పోలిన "హైఫోన్"లు పుట్టుకొచ్చాయి.

మా బాబాయి మస్కట్ లో ఏసీ మెకానిక్. 2008లో రువీలో పాతిక రియాళ్ళు పెట్టి పిన్నికి ఒక "ఎన్95" కొన్నాడు. అప్పటి లెక్కలో సుమారు 2,700 రూపాయలు. అసలు నోకియా ఎన్95 మన దేశంలో 2007లో వచ్చినప్పుడు 40,000 రూపాయలకి అటూ ఇటుగా ఉండేది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

అసలు ఎన్95 సింబియన్ మీద నడిచే నిజమైన స్మార్ట్ ఫోను. 5 మెగాపిక్సెల్ కెమెరా, కార్ల్ జైస్ లెన్సు, 3జీ, వైఫై, జీపీఎస్ అన్నీ ఉన్నాయి. కాపీలో వీటిలో ఒక్కటీ లేదు. కెమెరా దగ్గర 5 అని రాసి ఉండేది గానీ, ఫొటోలో మనిషిని గుర్తుపట్టాలంటే చొక్కా రంగు చూడాలి. లోపల సింబియన్ కాదు, ఇలాంటి మీడియాటెక్ ఫోన్లలో ఉండే న్యూక్లియస్ అనే చిన్న సిస్టమ్. పైన బొమ్మలు మాత్రం నోకియావి. వాల్ పేపర్ మీద గుడి బొమ్మ పెట్టినంత మాత్రాన గోడ గుడి అవదు కదా!

ఇక రెండో వైపు చూడండి. కాపీలో రెండు సిమ్ములు, రెండూ ఒకేసారి బతికి ఉంటాయి. వీధి చివరికి వినిపించే స్పీకరు. యాంటెన్నా లాగితే టీవీ. పెట్టెలో అదనంగా ఇంకో బ్యాటరీ. బాబాయికి జీపీఎస్ ఎందుకు? ఆయనకి కావలసింది రెండు సిమ్ములు, పెద్ద గొంతు. కాపీ కొట్టినవాళ్ళు డొక్కు నోకియాది తీసుకున్నారు గానీ, లోపలి వస్తువుల జాబితా మాత్రం బాబాయిని అడిగి రాసుకున్నట్టుంది.

అందుకే ఈ చరిత్రని ఉత్త దొంగతనం కథగా చెబితే సగమే చెప్పినట్టు. నోకియా తన మొదటి రెండు సిమ్ముల ఫోన్లని 2010లో గానీ ప్రకటించలేదు. యాపిల్ అయితే 2018 దాకా ఆగింది. ఈలోగా అదే చైనా డిజైన్లని ఎవరి పేరూ దొంగిలించకుండా, సొంత పేరు వేసి, బిల్లు ఇచ్చి అమ్మినవాళ్ళూ వచ్చారు. ఢిల్లీ వైపు మైక్రోమాక్స్, మన హైదరాబాద్ లో 2009లో మొదలైన సెల్‌కాన్ అలాంటివే. ఆ చిప్పులే, ఆ షెన్‌జెనే, కానీ వాటిని డూప్లికేట్ అనలేం.

మరి తేడా ఎక్కడుంది? బ్యాటరీ కథ చూస్తే కొంత తెలుస్తుంది. 2007 ఆగస్టులో నోకియా ఒక ప్రకటన చేసింది. మత్సుషితా కంపెనీ 2005 డిసెంబరు, 2006 నవంబరు మధ్య తయారుచేసిన బీఎల్-5సీ బ్యాటరీలు 4 కోట్ల 60 లక్షలు ఉన్నాయి, వాటిలో కొన్ని చార్జింగ్ లో వేడెక్కవచ్చు, నంబరు చూసుకుని తెస్తే ఉచితంగా మార్చి ఇస్తాం అని. మన దేశంలో పెద్ద కలకలమే రేగింది. జేబులో బాంబు ఉన్నట్టు జనం సర్వీసు సెంటర్ల ముందు వరస కట్టారు. అంటే ఒరిజినల్ కూడా వేడెక్కుతుంది. 2016లో శాంసంగ్ నోట్ 7 అయితే నిజంగానే కాలింది. కానీ ఆ రెండు చోట్లా ఫలానా బ్యాటరీ, ఫలానా నెల అని చెప్పగల రికార్డు ఉంది, వెనక్కి తీసుకునే మనిషి ఉన్నాడు. బాబాయి కొన్న ఫోనులో కూడా బీఎల్-5సీ అని రాసున్న బ్యాటరీయే ఉంది. అది ఉబ్బి వెనక డొక్కు లేచిపోతే ఎవరికి చెప్పాలి? పక్క వీధిలో మరోటి కొనడమే.

రెండో తేడా కంటికి అసలు కనపడదు. ఏ ఫోనులోనైనా *#06# నొక్కితే పదిహేను అంకెల నంబరు వస్తుంది. అదే ఐఎంఇఐ. మొదటి ఎనిమిది అంకెలు మోడల్ కి గుర్తు, వీటిని జీఎస్ఎం సంఘం కేటాయిస్తుంది. తర్వాత ఆరు ఆ ఫోను వరస సంఖ్య. చివరిది సరిచూసుకునే అంకె. దీని లెక్క ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ ది, 1960లో పేటెంట్ వచ్చింది. మన ఏటీఎం కార్డు నంబర్లకి కూడా ఇదే. కుడివైపు నుంచి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేసి, రెండంకెలొస్తే ఆ రెండూ కలిపి, మొత్తం కూడితే పదితో శేషం లేకుండా పోవాలి. సరదా ఏమిటంటే, పదిహేను సున్నాలు కూడా ఈ పరీక్ష పాసవుతాయి! చైనా సెల్లుల్లో చాలావాటిలో ఉండేది ఆ సున్నాలే, లేకపోతే వేల ఫోన్లకి ఒకే నంబరు. నంబరు కొనడానికి ఒక కంపెనీ, ఒక చిరునామా ఉండాలి మరి.

భద్రతా కారణాల మీద భారత ప్రభుత్వం 2008లోనే ఇలాంటి ఫోన్లకి లైను ఇవ్వొద్దని చెప్పింది. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ, చివరికి 2009 నవంబరు 30 అర్ధరాత్రి తర్వాత కత్తెర వేసింది. దెబ్బ తగిలే ఫోన్లు సుమారు రెండున్నర కోట్లు ఉంటాయని అప్పట్లో పత్రికలు అంచనా వేశాయి. గడువుకి ముందు 200 రూపాయల లోపు ఖర్చుతో సరైన ఐఎంఇఐ వేయించుకునే ఏర్పాటు కూడా పరిశ్రమవాళ్ళు చేశారు. ఆ సంగతి రాజోలులో పిన్ని దాకా రాలేదు.

అప్పుడు నేను కాకినాడలో బీటెక్ చదువుతున్నాను. డిసెంబరు ఒకటిన పిన్ని ఫోను మూగబోయింది. వెలుగుతోంది, పాటలు పాడుతోంది, సిగ్నల్ మాత్రం లేదు. బాబాయి మస్కట్ నుంచి చేస్తుంటే "అందుబాటులో లేరు" అని వస్తోంది. ఆయన చేతిలో ఉన్నదీ అలాంటి ఫోనే, అక్కడ నిక్షేపంగా మోగుతోంది. నాలుగో రోజున పిన్ని పక్కింటి ల్యాండ్ లైన్ నుంచి చేయించింది. "ఏమైపోయావే, ఇంట్లో ఎవరికేమైందో అని నాలుగు రాత్రులు నిద్ర లేదు" అని ఆయన ఒకటే కేకలట. తర్వాత నాన్న టార్చిలైటు ఉన్న పాత నోకియా ఒకటి కొనిచ్చాడు. ఆ "ఎన్95" పిల్లలకి పాటల పెట్టె అయింది. మస్కట్ లో పాతిక రియాళ్ళు పెట్టింది బాబాయి, తప్పుడు నంబరు వేసింది షెన్‌జెన్ లో ఎవరో, నాలుగు రాత్రులు మేలుకున్నది మాత్రం వీళ్ళిద్దరు.

ఆండ్రాయిడ్ వచ్చాక కాపీ ఇంకా ముదిరింది. ఆండ్రాయిడ్ ఎవరైనా తీసుకోవచ్చు కాబట్టి సిస్టమ్ కూడా అసలుదే. అబద్ధాలు ఆడటం కూడా తేలికైంది. మోడల్ పేరు, వెర్షను సెట్టింగ్స్ లో కనపడేది ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాసినదాన్ని బట్టే. అది మార్చేస్తే చవక ఫోను గెలాక్సీ అయిపోతుంది. 2013లో బాబాయి స్నేహితుడొకాయన మస్కట్ నుంచి "ఎస్4" తెచ్చి నాకు చూపించాడు. సెట్టింగ్స్ లో 4.2.2 అని ఉంది. గూగుల్ ఆండ్రాయిడ్ లోకి తెలుగు అక్షరాలు 2012లో 4.1 తోనే వచ్చాయి. ఒక తెలుగు పేజీ తెరిచి చూస్తే అన్నీ డబ్బాలే! వెర్షను అబద్ధమని మన తెలుగే పట్టించింది. మరుసటి ఏడాది, 2014 జూన్ లో, జర్మనీకి చెందిన జీ డేటా అనే భద్రతా సంస్థ ఎస్4 ని పోలిన ఒక చవక ఫోనులో ఫ్యాక్టరీ నుంచే దొంగ ప్రోగ్రాము ఎక్కించి ఉందని బయటపెట్టింది. ప్లే స్టోర్ వేషంలో కూర్చుంది, తీసేద్దామన్నా పోదు.

ఇలాంటి కాపీలని ఎక్కువగా వెనక్కి నెట్టింది పోలీసులూ కస్టమ్స్ కాదని నా అభిప్రాయం, చవకైన ఒరిజినల్. 2010లో పుట్టి, యాపిల్ ని అనుకరిస్తోందని మాటలు పడ్డ షావోమీ, 2015 ఆగస్టులో మన చిత్తూరు వైపు శ్రీ సిటీలో ఫాక్స్‌కాన్ ద్వారా ఫోన్లు చేయించడం మొదలెట్టింది. రెండు సిమ్ములు, పెద్ద బ్యాటరీ, తెలుగు అక్షరాలు, దానితో పాటు బిల్లు, నంబరు, సర్వీసు సెంటరు. బాబాయి జాబితాలోవన్నీ పూచీతో సహా దొరికాక కాపీ ఎవడు కొంటాడు?

ఆ పూచీ అనే మాట కోసమే ఇదంతా రాశాను. చైనా సెల్లు అని మనవాళ్ళు అన్నది పూచీ లేని సెల్లుని. తక్కువ డబ్బు పెట్టినవాడికి తక్కువ కెమెరా రావడంలో అన్యాయం లేదు. చవక ఒరిజినల్ లో కూడా కెమెరా తక్కువే. కానీ తప్పు జరిగితే అడగడానికి మనిషే లేకపోవడం వేరు.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, కాపీలు పూర్తిగా పోలేదు. ఆన్‌లైన్ లో తాజా "అల్ట్రా" మోడళ్ళు పదోవంతు ధరకి కనపడుతూనే ఉన్నాయి. ఇటు ఫోను కాస్తా బ్యాంకు అయింది. 2023 జనవరిలో ఎన్‌పీసీఐ పది దేశాల నంబర్లతో యూపీఐ వాడుకోవచ్చంది, అందులో ఒమాన్ ఒకటి. అంటే రువీలో కొన్న ఫోనుతో రాజోలులోని ఖాతా తెరుచుకుంటుంది. 2009లో దొంగ ఫోను వల్ల పోయింది నాలుగు రాత్రుల నిద్ర. ఇప్పుడైతే ఏడాది జీతం కూడా పోవచ్చు.

కాబట్టి ఊరికి తీసుకెళ్ళడానికి ఫోను కొనేముందు షాపులోనే *#06# కొట్టి, వచ్చిన నంబరు పెట్టె మీది నంబరుతో కలుస్తోందో లేదో చూడండి. ఇండియాలో ఉన్న మనవాళ్ళ చేత కె.వై.ఎం. అని ఇంగ్లీషులో కొట్టించి, ఒక ఖాళీ వదిలి, ఆ పదిహేను అంకెలూ 14422 కి మెసేజ్ చేయించండి. అది ఏ కంపెనీ, ఏ మోడలో జవాబొస్తుంది. షాపతను విసుక్కుంటే పక్క షాపుకి వెళ్ళండి. రువీలో షాపులకేం కొదవ!