ఇత్తడిలో జింక్ శాతం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఇత్తడి రాగి, జింక్ కలిసిన మిశ్రలోహం. రసాయన సమ్మేళనమైతే పాళ్ళు మారకూడదు. నీటిలో హైడ్రోజన్, ఆక్సిజన్ ఎప్పుడూ ఒకే లెక్కన ఉంటాయి. ఇత్తడిలో జింక్ 5 శాతం ఉండవచ్చు, 40 శాతమూ ఉండవచ్చు. అది పెరిగేకొద్దీ ఎరుపు తగ్గి పసుపు తేలుతుంది. శుద్ధమైన రాగి సరిగ్గా 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, 70 పాళ్ళ రాగి, 30 పాళ్ళ జింక్ ఉన్న ఇత్తడి సుమారు 915 దగ్గర మెత్తబడడం మొదలై 955కు గానీ పూర్తిగా కరగదు.

అలాగని ఇది వట్టి కలగలుపు కాదు. జింక్ పరమాణువు రాగి పరమాణువు కన్నా కాస్తే పెద్దది. అందుకే రాగి స్ఫటికంలో దాని చోట ఇది ఇమిడిపోతుంది. అలా ఇమిడినవి పరమాణు పొరలు సులువుగా జారకుండా అడ్డుపడతాయి కాబట్టి ఇత్తడి రాగి కన్నా గట్టిది. సుమారు 35 శాతం దాకా ఈ ఏర్పాటు నిలుస్తుంది, రేకు సాగుతుంది. పెంబర్తి పనివారు రేకును వెనకవైపు నుంచి కొట్టి బొమ్మలు ఉబ్బించగలిగేది ఈ సాగే గుణం వల్లే. జింక్ ఇంకా పెరిగితే వేరే స్ఫటిక రూపం పుడుతుంది. లోహం గట్టిపడుతుంది, చల్లగా ఉన్నప్పుడు సాగదీయడం కష్టమవుతుంది.

తయారీలో చిక్కు జింక్‌తోనే. అది 907 డిగ్రీలకే మరిగిపోతుంది. ఖనిజాన్ని బొగ్గుతో కాలిస్తే ఆవిరిగా బయటికొచ్చి, గాలి తగలగానే తెల్లటి బూడిదవుతుంది. అందుకే రోమన్లు రాగి ముక్కలను, జింక్ ఖనిజాన్ని, బొగ్గును మూత బిగించిన మూసలో కాల్చారు. ఆవిరి నేరుగా రాగిలోకి ఇంకేది.

ఈ పద్ధతిలో జింక్ 28 శాతం దాటదని పరిశోధకులు చాలాకాలం గీత గీశారు. తక్షశిలలోని భిర్ దిబ్బలో దొరికిన, క్రీ.పూ. 4వ శతాబ్దానిదిగా చెప్పే పాత్రలో 34 శాతం జింక్ ఉన్నట్టు విశ్లేషణ తేల్చింది. విడిగా తీసిన జింక్‌ను కలిపారనడానికి ఇది గట్టి సూచన. అయితే 28 అనేది చెరగని గీత కాదు. 1723లో బ్రిస్టల్‌కు చెందిన నెహెమయా చాంపియన్ రాగిని గుళికలుగా చేసి వాడినప్పుడు, ఆవిరి తగిలే ఉపరితలం పెరిగి శాతం 33 దాకా చేరింది. పైగా ఒక్క పాత్ర ఒక పరిశ్రమకు రుజువు కాదు.

పరిశ్రమకు తిరుగులేని రుజువు రాజస్థాన్‌లోని జావర్‌లో ఉంది. అక్కడ వంకాయ ఆకారపు మట్టి పాత్రలను కొలిమిలో తలకిందులుగా నిలిపేవారు. పైన మంట, కింద చల్లటి గది. ఆవిరి కిందికి దిగి లోహంగా గడ్డకట్టేది. వాడి పారేసిన ఆ పాత్రల గుట్టలు నేటికీ ఉన్నాయి. బ్రిస్టల్‌లోనే విలియం చాంపియన్ జింక్ బట్టీకి పేటెంట్ పొందిన 1738 నాటికి జావర్ పని శతాబ్దాల పాతది.

కాబట్టి జింక్ శాతాన్ని ఒంటరి సాక్షిగా నమ్మకూడదు. ఎక్కువ శాతం విడి జింక్ వైపు మొగ్గు చూపుతుంది. తక్కువ శాతం ఏమీ తేల్చదు, ఎందుకంటే తుక్కును కరిగించిన ప్రతిసారీ కొంత జింక్ ఆవిరై పోతుంది. ఉపరితల పరీక్ష కూడా మోసం చేయవచ్చు: తుప్పు పట్టేటప్పుడు పైపొరలో ముందుగా పోయేది జింకే. లోపలి లోహపు నమూనా, పక్కన దొరికిన మూసలు, చిట్టెం, మట్టి పాత్రలు కలిపి చూస్తేనే నిర్ణయం నిలబడుతుంది. పాత ఇత్తడి సామానును తూకానికి వేసి కరిగిస్తే, అది పుట్టిన తీరు చెప్పగల ఆధారమూ దాంతోపాటే కరిగిపోతుంది. కరిగించే ముందు ఒకసారి పరీక్షించి, ఫలితం రాసిపెట్టడం మన కనీస బాధ్యత.