చూపునకు బట్టు కాలము

కన్ను తెఱవగానే వస్తువు కనబడునని లోకుల నమ్మకము. చూచుటకును దెలియుటకును నడుమ కాల మేమియు గడవదని మనమందఱము తలంతుము. మన ప్రాచీన తార్కికులు మాత్ర మీ విషయమున జాగరూకులై యుండిరి. నూఱు తామరరేకుల నొకదానిపై నొకటిగా బేర్చి సూదితో బొడిచినచో, అన్నియు నొక్కసారియే తూటుపడినట్లు తోచును. నిజమునకు రేకులు వరుసగానే తెగుచున్నవి. నడుమ గడచు కాలము మిక్కిలి సూక్ష్మమగుటచే క్రమము మనకు గోచరింపదు. ఉత్పలపత్రశతభేద న్యాయమని దీనికి బేరు. జ్ఞానములు క్రమముగా గలుగుననుట కీ దృష్టాంతము వారికి జాలినది. కాని యా సూక్ష్మకాల మెంత? దానిని గొలుచు టెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము ఐరోపాఖండమున బుట్టినది. అదియు నొక చిఱుద్యోగికి జరిగిన యన్యాయమునుండి పుట్టినది.

ఇంగ్లండునందలి గ్రీనిచ్ వేధశాలకు మాస్కెలిన్ అధిపతిగా నున్నప్పుడు కిన్నెబ్రూక్ అను యువకు డాయనకు సహాయకుడు. నక్షత్రము దూరదర్శినిలోని తీగను దాటు క్షణమును గుర్తించుట వారి పని. కంటితో నక్షత్రమును జూచుచు, చెవితో గడియారపు చప్పుడును లెక్కించుచు, సెకండులో బదియవ వంతువఱకు నిర్ణయింపవలెను. 1795వ సంవత్సరము ఆగస్టునుండి సహాయకుని లెక్క అధిపతి లెక్కకంటె నర సెకండు వెనుకబడజొచ్చెను. హెచ్చరించినను ఫలము లేకపోయెను. మఱుసటి జనవరి నాటికి భేదము 0.8 సెకండునకు బెరిగెను. ఇది స్వల్పమని మనకు దోచవచ్చును. కాని యాకాశము ఒక సెకండులో 15 వికలలు తిరుగును గనుక, 0.8 సెకండు పొరపాటు 12 వికలల పొరపాటగును. నక్షత్రముల స్థానములను నిర్ణయించువారి కది సహింపరానిది. సహాయకు డేదో యక్రమమైన పద్ధతి నవలంబించెనని తలంచి మాస్కెలిన్ 1796లో నాతనిని బనినుండి తొలగించెను. ఆ సంగతిని వేధశాల గ్రంథములో వ్రాసి ప్రకటించెను గూడ.

ఆ వ్రాతయే తరువాతి శోధనకు విత్తనమైనది. కొన్నియేండ్లకు కోనిగ్స్‌బెర్గు వేధశాలాధిపతియగు బెస్సెల్ ఈ వృత్తాంతమును దెలిసికొనెను. దోషి యెవరని గాక, భేదమేల కలిగెనని యాతడు ప్రశ్నించుకొనెను. 1820 ప్రాంతమున వాల్బెక్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞునితో గలసి యవే నక్షత్రములను బరిశీలించి లెక్కలు పోల్చి చూచెను. ఇరువురును ఆఱితేఱినవారే. అయినను వారి లెక్కలకు సెకండునకు మించిన భేదము కనబడెను! కిన్నెబ్రూక్ దోషమనబడిన దానికంటె నిది యధికము. ఇరువురిలో నెవరిది సత్యమో నిర్ణయించుట కా పద్ధతిలో మార్గము లేదు. తెలియునది భేదము మాత్రమే. అట్లయినచో మాస్కెలిన్ కన్ను మాత్రము కొలబద్ద యెట్లయ్యెను? పదవినిబట్టియే కాని ప్రకృతినిబట్టి కాదు. నాటినుండి జ్యోతిశ్శాస్త్రజ్ఞులు పరిశీలకుల భేదమును గొలిచి లెక్కలో సవరించుకొనుట నేర్చిరి. ఈ సవరణకు వైయక్తిక సమీకరణమని పేరు.

భేదము తెలిసినది, కారణము తెలియవలసి యుండెను. నాడులలో వార్త ప్రసరించు వేగమును మనుష్యు డెన్నడును గొలువజాలడని ముల్లర్ అను మహాశాస్త్రజ్ఞుడు తలంచెను. ఆయన శిష్యుడే యగు హెల్మ్‌హోల్ట్స్ 1850లో గప్పనాడిపై బరీక్షించి, అది సెకండునకు సుమారు 27 మీటర్లు మాత్రమే యని చూపెను. శరీరములో వార్త నడచుటకు గాలము పట్టునని యిట్లు రుజువయ్యెను. ఇక మనస్సు సంగతి. దానిని హాలెండు దేశీయుడగు డాండర్స్ 1868లో బ్రకటించెను. ఆతని యుపాయము మిక్కిలి సులభమైనది. వెలుగు కనబడగానే చేయి కదల్పుమనుట యొక పని. వెలుగు ఎఱ్ఱనిదైన నొక చేయి, తెల్లనిదైన రెండవ చేయి కదల్పుమనుట మఱియొక పని. రెండవదానికి బట్టిన కాలమునుండి మొదటిదాని కాలమును దీసివేయుము. మిగిలినది రంగును గుర్తించి చేతి నెన్నుకొనుటకు మనస్సు తీసికొన్న కాలము. తూనికకు లొంగదనుకొన్న యాలోచనము తీసివేతలెక్కకు లొంగినది!

పిమ్మట జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ పండితుని యొద్ద శిక్షణ పొందిన కాటెల్ అను నమెరికా దేశీయుడు చదువరుల చూపునే పరీక్షించెను. 1886లో బ్రకటించిన ఫలితములలో నుపాధ్యాయులు గమనింపదగినవి రెండు. సంబంధములేని మాటలను జదువుటకు, వాక్యమైన మాటలను జదువుటకంటె సుమారు రెట్టింపు కాలము పట్టును. ఇది మొదటిది. రెండవది, తన్ను దాను పరీక్షించుకొని యాతడు చెప్పినది. వీలైనంత వేగముగా జదివినప్పుడు, మాట యొక్కింటికి సెకండులో వేయవ వంతులుగా, ఇంగ్లీషునకు 138, ఫ్రెంచికి 167, జర్మనునకు 250, ఇటాలియనునకు 327, లాటినునకు 434, గ్రీకునకు 484 పట్టెను. అదే మనుష్యుడు, అదే కన్ను, అదే మనస్సు. మాతృభాషకు బట్టిన దానికి మూడు రెట్లకు మించిన కాలము గ్రీకునకు బట్టినది. ఈ మాంద్యము బుద్ధిది కాదు, పరిచయము చాలమి.

శోధన యంతటితో నాగలేదు. 1996లో ఫ్రాన్సులో బనిచేయుచుండిన శాస్త్రజ్ఞుడు థార్ప్, సహచరులతో గూడి, ఎన్నడును జూడని చిత్రములను సెకండులో నేబదియవ వంతు కాలము మాత్రము చూపి, వానిలో జంతువున్నదో లేదో చెప్పుడని యడిగెను. చేయి కదలక పూర్వమే, 0.15 సెకండునకే, మెదడులోని విద్యుత్తరంగములు రెండు విధముల చిత్రములకును వేర్వేఱుగా నుండుట కనబడెను. తామరరేకుల నడిమి కాలమునకు నేడు అంకె లున్నవి.

ఇంత చరిత్రనుండి మన కేమి ప్రయోజనము? మన బడులలో దడవికొనుచు జదువు బాలుని సోమరి యనుట పరిపాటి. ఇంట వినని భాషను, నిన్న నేర్చిన లిపిలో, గడియారము నెదుట బెట్టుకొని చదువుమందుము. ఆలస్యమైనచో మందమతి యందుము. ఏండ్లతరబడి చదివిన మన కన్నే యచట కొలబద్ద. ఉపాధ్యాయుని వేగము ప్రకృతిధర్మమును గాదు, శిష్యుని యాలస్యము పాపమును గాదు. భేదమునకు గారణము చూపులో నుండవచ్చును, అభ్యాసములో నుండవచ్చును, పాఠములోనే యుండవచ్చును. కొలిచి కారణము కనుగొనక పూర్వమే శిక్ష విధించుట మాస్కెలిన్ మార్గము. తన చూపును గూడ పరీక్షకు బెట్టుట బెస్సెల్ మార్గము. ఈ రెంటిలో నేది విద్యాదానమునకు దగినదో విజ్ఞులు యోచింతురు గాక.