కోటిపల్లి రైల్వే స్టేషన్

గోదావరి డెల్టాలో, గౌతమీ పాయ ఎడమ గట్టున ఉన్న స్టేషన్ ఇది. కాకినాడ నుంచి సుమారు 45 కిలోమీటర్లు సాగే లైనుకు ఇదే ఆఖరు. ఇక్కడికి రైలు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ఆగిపోయింది.

కాకినాడ–కోటిపల్లి లైను 1928లో, బ్రిటిష్ పాలనలో పడింది. కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా వచ్చే ఈ దారి వరి పండే ఊళ్లను కాకినాడతో కలిపింది. ద్రాక్షారామ భీమేశ్వరుణ్ణి, కోటిపల్లి సోమేశ్వరుణ్ణి దర్శించుకునే యాత్రికులకూ అనువైనదే. అయితే కోటిపల్లి దాటితే గోదావరే. అవతల ముక్తేశ్వరం, కోనసీమ. అక్కడికి వెళ్లాలంటే రేవు దాటాలి.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఇనుము కరువైంది. 1940లో ఈ లైను పట్టాలు పీకి యుద్ధ అవసరాలకు తరలించారు. ఇలా పట్టాలు పోగొట్టుకున్నది ఈ ఒక్క లైనే కాదు. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో నగ్రోటా–జోగిందర్‌నగర్ ముక్కను కూడా 1942లో తీసేశారు, 1954లో మళ్లీ వేశారు. కోటిపల్లి మాత్రం అరవై ఏళ్లకు పైగా ఎదురుచూసింది. ముందుకు దారిలేని కొస లైను కావడమే దానికి చేటు అనుకోవాలి.

పునరుద్ధరణకు పట్టుబట్టిన నాయకుడు అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన చనిపోయారు. లైను 2004లో తెరుచుకుంది, ఆయన చూడలేదు. తర్వాత ఈ దారిలో ఒంటి పెట్టె రైల్ బస్ తిరిగింది. కాపలా లేని గేట్ల దగ్గర సిబ్బందే దిగి, గేటు వేసి, బండి దాటాక తీసి మళ్లీ ఎక్కేవారు! అంత నెమ్మది బండికి, బస్సులూ ఆటోలూ దొరికే దారిలో, జనం పెద్దగా ఎక్కలేదు. 2020 కోవిడ్ లాక్‌డౌన్‌లో అదీ నిలిచిపోయింది.

ఈ స్టేషన్ భవితవ్యం కోటిపల్లి–నరసాపురం లైను మీద ఆధారపడి ఉంది. 2000–01లో మంజూరైన సుమారు 57 కిలోమీటర్ల ఆ లైనుకు గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మీద మూడు పెద్ద వంతెనలు కావాలి. అవి పూర్తయి రైలు నరసాపురం చేరితే తప్ప కోటిపల్లికి నిలకడైన రాకపోకలు ఉండవు.