వీసా గడువు దాటిన వలసకూలీలూ, వారి పెళ్లిళ్లూ

1960ల ఆరంభంలో రామగుండం ప్రాంతంలో సింగరేణి సంస్థ గనులు తెరిచిన నాటి నుంచి గోదావరిఖని చుట్టుపక్కల పల్లెల్లో గని నౌకరీ ఉన్న యువకుడికి పెళ్లి సంబంధాలు సులువుగా కుదిరేవి. తండ్రి ఉద్యోగం కొడుక్కు దక్కే వారసత్వ నియామకాలు కాలక్రమంలో ఆగిపోయాయి, 1999లో రామగుండం ఎరువుల కర్మాగారం మూతపడింది. వారసత్వ నియామకాలను మళ్లీ తెచ్చే పథకాన్ని కూడా 2017లో హైకోర్టు కొట్టివేయడంతో, ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని ఇతర పల్లెల మాదిరిగానే బొగ్గు ప్రాంతపు కుటుంబాలు కూడా, 1973 తర్వాత చమురు ధరలు పెరిగి తెరుచుకున్న గల్ఫ్ దారి వైపే చూశాయి.

1983 నాటి వలస చట్టం ప్రకారం తక్కువ చదువుకున్న కూలీ గల్ఫ్ కొలువుకు వెళ్లాలంటే వలసదారుల సంరక్షణాధికారి అనుమతి తీసుకోవాలి. ఆ తనిఖీని తప్పించుకోవడానికి దళారులు చూపిన అడ్డదారి విజిట్ వీసా, అంటే చూసి రావడానికి మాత్రమే ఇచ్చే స్వల్పకాలిక అనుమతి. గడువు ముగిశాక తిరిగి రాకుండా దొరికిన పని చేసుకునేవారినీ, యజమాని నుంచి పారిపోయినవారినీ ఈ ప్రాంతంలో కల్లివెల్లి కూలీలంటారు. గడువు దాటిన ప్రతి రోజుకూ జరిమానా పెరుగుతూ పోతుంది కాబట్టి, పెళ్లి ఖాయమైనా, తల్లి మరణించినా అలాంటివాడు ఇంటికి రాలేడు. యుఎఇ ప్రభుత్వం 1996, 2003, 2007, 2012, 2018, 2024లలో ప్రకటించిన క్షమాభిక్షలే వారికి దారి చూపాయి. పాస్‌పోర్టు లేనివారికి భారత దౌత్య కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్ ఒక్కసారి స్వదేశానికి చేరడానికే పనికొచ్చే కాగితం. బహిష్కృతుల కంటిపాప ముద్రలను 2000ల తొలి ఏళ్ల నుంచే యుఎఇ సేకరించడం వల్ల, పేరు మార్చి కొత్త పాస్‌పోర్టుతో మళ్లీ వెళ్లాలనుకున్నవారు విమానాశ్రయంలోనే పట్టుబడసాగారు.

పెళ్లి విషయంలో అమెరికాలో పరిస్థితి వేరు. సక్రమంగా వీసాతో ప్రవేశించి గడువు దాటినవారు అక్కడి పౌరులను నిజాయితీగా వివాహమాడితే, దేశం విడవకుండానే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే వీలుంది. అయితే 1996 నాటి చట్టం ప్రకారం 180 రోజులకు మించి అక్రమంగా ఉండి బయటికి వస్తే 3 ఏళ్లు, ఏడాది దాటితే 10 ఏళ్లు పునఃప్రవేశం నిషిద్ధం. అందుకే అక్కడ అన్నిటికన్నా ప్రమాదకరమైన అడుగు తొందరపడి బయలుదేరడమే. గల్ఫ్‌లో మాత్రం నివాసానుమతి యజమాని పూచీపై, అంటే కఫాలా పద్ధతిపై, నడుస్తుంది గనుక వివాహం గడువు దాటిన నేరాన్ని కడిగివేయదు. యుఎఇలో భార్యను తెచ్చుకోవాలంటే సక్రమ నివాసంతో పాటు, 2019 నాటి సడలింపు తర్వాత కూడా, కనీసం 4,000 దిర్హామ్‌ల జీతమో, వసతితో కలిపి 3,000 దిర్హామ్‌ల జీతమో ఉండాలి. భవన నిర్మాణ కూలీల్లో ఎక్కువమందికి అది అందని మొత్తం.

అన్నిటికన్నా కఠినమైన పర్యవసానం పిల్లలపై పడింది. కల్లివెల్లి బతుకులో కలిసి జీవించిన స్త్రీపురుషులకు వివాహ ధ్రువపత్రం ఉండేది కాదు. ఊళ్లో సంప్రదాయంగా పెళ్లి చేసుకున్న జంటల్లో కూడా చాలామంది, 2002 చట్టం వివాహ నమోదును తప్పనిసరి చేశాక సైతం, దాన్ని నమోదు చేయించుకోలేదు. యుఎఇలో వివాహేతర సహజీవనం 2020 నవంబరు వరకూ నేరమే కాబట్టి, అప్పట్లో ప్రసవానికి ఆసుపత్రికి వెళ్లడమంటే తల్లి జైలుకు సిద్ధపడటమే. ఇంట్లోనే కాన్పు జరిగితే బిడ్డకు జనన ధ్రువపత్రం దొరికేది కాదు, అది లేకుండా పాస్‌పోర్టూ వచ్చేది కాదు. విదేశంలో పుట్టిన బిడ్డ జననాన్ని ఏడాదిలోపు దౌత్య కార్యాలయంలో నమోదు చేయించాలని, గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని భారత పౌరసత్వ చట్టం చెబుతుంది. తన వీసా గడువు దాటి, అధికారుల కంట పడకుండా బతికే తల్లికి ఈ రెండో గడువును పాటించే మార్గమే ఉండేది కాదు.