ఐదొందల మైళ్ళ ఓపిక

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో లారీ బతకదు. తిరుత్తణి నుంచి కనకమ్మచత్రం మీదుగా తిరువళ్ళూరు పోయే దారిలో ముప్పై ఏళ్ళకు పైగా తిరిగిన ఒక పాత ఫార్గో, చివరికి చెన్నై పుదుప్పేటలో కిలోల లెక్కన కాటా ఎక్కింది. పుదుప్పేట సంగతి తెలిసినవాళ్ళకు ఆపైన చెప్పక్కర్లేదు. అక్కడికి బండ్లు బండ్లుగా వెళ్తాయి. తలుపులుగా, ఇరుసులుగా, గేరుపెట్టెలుగా బయటికొస్తాయి. అంతా తెలిసీ మళ్ళీ ఎందుకు చెప్పుకోవడం అంటే, ఆ గతి తప్పించగల మలుపులు దారిలో ఒకటికి నాలుగు వచ్చాయి. వచ్చి, వెళ్ళిపోయాయి. ఆ కుటుంబం ఇంకా తిరుత్తణిలోనే ఉంది, కాబట్టి పేర్లు వద్దు.

ఫార్గో అంటే అమెరికాలోని క్రైస్లర్ వాళ్ళ బండి. డాడ్జికి తోబుట్టువు, ముఖం మీది పేరు తీసేస్తే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు బొంబాయి కుర్లాలో వీటిని బిగించి దేశమంతటా అమ్మేవారు. మన బండికి పుట్టుకతో వచ్చింది పెట్రోలు ఇంజను. ఆరు సిలిండర్లు, మెత్తని గొంతు. నిలబెట్టి ఉంచితే నడుస్తోందో ఆగిందో బానెట్ మీద చెయ్యి పెట్టి చూసుకోవాల్సి వచ్చేదని దాని మొదటి డ్రైవరు ముసలితనంలో కూడా మురిసిపోతూ చెప్పేవాడు. కానీ దాని దాహం తీర్చడం యజమాని వల్ల కాలేదు. పొదటూరుపేట మగ్గాల గుడ్డ మూటలు, నగరి వైపు నుంచి మామిడికాయలు, ఆడికృత్తికకు కావళ్ళెత్తుకుని కొండకొచ్చే భక్తులు, ఏది ఎక్కించినా వచ్చిన బాడుగలో సగం పెట్రోలు బంకుకే పోయేది.

అప్పటికే రోడ్డు మీద డీజిల్ గొంతు వినిపిస్తోంది. 1954లో టాటా వాళ్ళ మెర్సిడెస్ లారీలు వచ్చాయి. ఎన్నూరులో అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. కొత్త బండి కొనే స్తోమత లేనివాళ్ళకు మదరాసులోనే ఇంకో దారి ఉండేది. 1840లో గుర్రపు కోచీలు చేస్తూ మొదలైన సింప్సన్ కంపెనీ, ఇంగ్లండులో ఫ్రాంక్ పెర్కిన్స్ కంపెనీ రూపొందించిన పీ-సిక్స్ డీజిల్ ఇంజన్లను ఇక్కడే తయారు చేయసాగింది. ఆరు సిలిండర్లు, 4.7 లీటర్లు. పెట్రోలు లారీల ముక్కు కింద ఇమిడిపోయే కొలత. ఇంగ్లండులోనూ ఇక్కడా ఎన్నో పెట్రోలు లారీలు ఆ ఇంజనుతో రెండో జన్మ ఎత్తాయి. మన ఫార్గో కూడా ఎత్తింది.

తీసేసిన పెట్రోలు ఇంజనును యజమాని పాత ఇనుము కొట్టుకు వేశాడు. ఇంట్లో చోటు లేక కాదు. ఇక దానితో పనేముంది అనుకున్నాడు. అరవై ఏళ్ళ తర్వాత ఆ ఇనుప ముద్ద కోసం తన కొడుకు వెతుక్కుంటాడని ఆయన ఎలా ఊహిస్తాడు?

ఇంజను మార్చడమంటే ఒకటి దించి ఇంకొకటి ఎక్కించడం అనుకుంటారు. తిరువళ్ళూరు షెడ్డులో ఆ పని చేసిన మేస్త్రీ అలా అనుకునే రకం కాదు. ఇంట్లో తమిళం, షెడ్డులో తెలుగు మాట్లాడే మనిషి. డీజిల్ ఇంజను బరువు ఎక్కువ గనక ముందు కమాన్లకు ఒక్కో పట్టీ అదనంగా వేశాడు. ఆరు వోల్టుల బ్యాటరీ దాన్ని కదిలించలేదని తీసేశాడు. పెట్రోలు ఇంజను గాలి పీల్చే ఊపుతోనే బ్రేకుకు బలం వచ్చేది. డీజిల్‌లో ఆ పీల్పు ఉండదు, అందుకని బ్రేకు కోసం విడిగా ఒక పంపు అమర్చాడు. డీజిల్ నెమ్మదిగా తిరిగే ఇంజను కాబట్టి వెనక క్రౌను పళ్ళ లెక్క మార్చాడు. లేకపోతే బండి అరుస్తుందే గాని నడవదు. పీ-సిక్స్ వణుకుకు రేడియేటరు అతుకులు విడిపోతాయని దాని కింద రబ్బరు దిండ్లు పెట్టాడు. గేరు కర్ర గలగలలాడకుండా ఏదో చేశాడు. ఏం చేశాడో ఎవరికీ చెప్పలేదు.

అంతా అయ్యాక యజమానితో అన్నాడట: “మొదలాలీ, ఐదొందల మైళ్ళ దాకా ఈ బండి నాది. ఆ తర్వాతే మీది.”

ఆ ఐదొందల మైళ్ళలో ఏముందో కాస్త చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. కొత్త సిలిండరు గోడ చూడ్డానికి నున్నగా ఉన్నా, నిజానికి దాని మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలుంటాయి. నూనె నిలవడానికే ఆ గీతలు. పిస్టన్ రింగులు వాటి మీద రుద్దుకుంటూ, ఎత్తులు అరగదీసుకుంటూ, ఆ గోడకు అలవాటు పడాలి. మరీ మెత్తగా నడిపితే రింగులు గోడకు ఒత్తుకోవు. గోడ గాజులా మెరిసిపోయి జీవితాంతం నూనె తాగుతుంది. మరీ గట్టిగా తోలితే వేడెక్కి ఒరుసుకుపోతాయి. సగం బరువు వెయ్యాలి, ఎత్తు మీద కొంచెం తొక్కాలి, వెంటనే వదలాలి. నిలబెట్టి ఊరికే తిప్పకూడదు. “కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఇది, మొదలాలీ. మొదటి నెలలోనే ఇంటి చాకిరీ అంతా నెత్తినేస్తే ముప్పై ఏళ్ళూ మీరే అనుభవిస్తారు” అనేవాడట మేస్త్రీ.

ఆ నెలంతా ఫార్గో గుడ్డ మూటలే మోసింది. గంటకు పాతిక మైళ్ళు దాటలేదు. పూండి దాకా పోయి రావడం, తిరుత్తణి దాకా పోయి రావడం. మొదటి వేడి చల్లారాక మేస్త్రీ హెడ్డు నట్లు ఒక్కొక్కటీ మళ్ళీ బిగించాడు, ఎందుకంటే కొత్త గాస్కెట్ వేడికి అణుగుతుంది, అణిగినప్పుడు నట్లు వదులవుతాయి. వాల్వుల సందు సరిచూశాడు. ఐదొందల మైళ్ళ దగ్గర నూనె దించి, తెల్లగుడ్డలో వడపోసి, ఎండలో పట్టుకుని చూశాడు. ఇనుప రజను ఎంతుందో చూసి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, తాళాలు యజమాని చేతికిచ్చాడు.

ఆ తర్వాత ఇంజను పాతికేళ్ళకు పైగా నడిచింది.

ఆ మధ్యలో ఇంకో దెబ్బ తగిలింది. ఇంజనుకు కాదు, దారికి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. రెండు రాష్ట్రాల సరిహద్దు తగాదాలో మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సులు, ఆపైన 1959 నాటి సరిహద్దుల చట్టం. తిరుత్తణి తమిళులకే దక్కాలన్న మా.పొ.శి. ఉద్యమం గెలిచిందని ఒకవైపు సంబరం, ఇంటి భాష తెలుగైన వీధుల్లో ఇంకోవైపు మౌనం. మాజీ రాష్ట్రపతి రాధాకృష్ణన్ గారు పుట్టిన తిరుత్తణి అలా రాష్ట్రం మారింది. నగరి మాత్రం చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది. నిన్నటిదాకా పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చే నగరి ఇప్పుడు పరాయి రాష్ట్రం. 1939 నాటి మోటారు చట్టం ప్రకారం ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ మీద ఇంకో రాష్ట్రంలో తిరగాలంటే అక్కడివాళ్ళు దాని మీద మళ్ళీ సంతకం చెయ్యాలి. ఆ సంతకాల కోసం తిరగలేక యజమాని నగరి మామిడిని వదులుకున్నాడు. మామిడి పోయాక మిగిలిన పెద్ద బాడుగ చెరుకు ఒక్కటే. బండిని చివరికి చంపింది ఆ చెరుకే. దాని మీద కోపం తెచ్చుకోలేం.

పీ-సిక్స్ ముసలిదైంది. చలికాలం పొద్దున లేవనంటోంది, నీలం పొగ వదులుతోంది, ఎత్తెక్కేటప్పుడు దమ్ము చాలడం లేదు. పెద్దాయన మంచం పట్టాడు. పెత్తనం కొడుకు చేతికొచ్చింది. మేస్త్రీ కూడా ముసలివాడయ్యాడు, అయినా చెప్పాడు: “బోరు చేయించి కొత్త లైనర్లు వేద్దాం తమ్ముడూ. నాకు రెండు నెలలియ్యి.” రెండు నెలలు ఇచ్చి ఉంటే! కానీ పంట కోతకొచ్చింది. తిరువాలంగాడు చక్కెర మిల్లు నుంచి రైతులకు కటింగ్ ఆర్డర్లు వస్తున్నాయి. నరికిన చెరుకు ఎండలో ఉంటే బరువు తగ్గుతుంది, తగ్గిన బరువుకు డబ్బు తగ్గుతుంది. రైతు తొందర లారీవాడి తొందర అవుతుంది.

దెబ్బతిన్న ఒక లేలాండ్ లారీ నుంచి ఇంజను దొరికింది. కొత్త లైనర్లు, కొత్త రింగులు, కొత్త గాస్కెట్ వేసి, కుర్ర మెకానిక్కుల చేత ఎక్కించారు. బలమైన ఇంజను, అందులో సందేహం లేదు. పీ-సిక్స్‌ను పళ్ళిపట్టు వైపు ఒక రైతు బావి మీద పెట్టుకోవడానికి కొనుక్కున్నాడు.

ఇంజను కూర్చున్న మర్నాడే పొదటూరుపేట నుంచి గుడ్డ మూటల బాడుగ ఒకటి వచ్చింది. తేలిక బరువు, రెండు వారాల పని. ఆ పాత మేస్త్రీ ఉంటే కాళ్ళు పట్టుకునైనా ఒప్పించేవాడేమో. చెరుకు బాడుగ ముందు గుడ్డ బాడుగ చిన్నదని కొడుకు వద్దన్నాడు. ఈ ఒక్క చోట నాకు అతని మీద జాలి కన్నా కోపమే ఎక్కువ. కానీ ఇంట్లో మందుల ఖర్చు, బయట ఇంజను కోసం చేసిన అప్పు గుర్తొస్తే కోపం నిలవదు.

పళ్ళిపట్టులో చెరుకు ఎక్కింది. పక్క చువ్వలు దాటి, క్యాబిన్ మీదికి వాలేంత ఎక్కింది. మొదటి వేడి తర్వాత నట్లు బిగించాలని అక్కడ ఎవరికీ గుర్తు లేదు. తిరుత్తణి దాటేసరికి బండి మామూలుగానే లాగుతోంది. ఆ తర్వాత వేడి ముల్లు కొంచెం జరిగింది. అణిగిన గాస్కెట్ అంచు నుంచి నీళ్ళు చుక్క చుక్కగా పోతున్నాయి. పొగలో కాస్త తెలుపు కలిసింది. కనకమ్మచత్రంలో టీకి ఆపారు. క్లీనరు కుర్రాడు బానెట్ మీద చెయ్యేసి తీసేసుకున్నాడు. “అన్నా, శానా కాల్తా ఉండాది” అన్నాడు. “కొత్త ఇంజనప్పా, అట్లే ఉంటాది” అన్నాడు డ్రైవరు. మిల్లు గేటు దగ్గర వరుసలో వెనకబడితే ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. చల్లారేదాకా ఒక గంట, నీళ్ళు పోసుకోవడానికి ఒక బిందె, నట్లు బిగించడానికి ఒక పానా. ఆ మూడూ ఆ టీ కొట్టు చుట్టుపక్కలే ఉన్నాయి.

తిరువాలంగాడు ఇంకా రానేలేదు. నీళ్ళు తగ్గిన చోట వేడెక్కిన పిస్టను, ఇంకా అలవాటు పడని గోడకు అతుక్కుంది. కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకును పక్క నుంచి చీల్చుకుని బయటికొచ్చింది. రోడ్డు మీద నూనె పరుచుకుంది. వెనక వచ్చిన లారీలు పక్కకు తప్పుకుని పోయాయి, వాటికీ మిల్లులో వరుస ఉంది.

ఆ తర్వాత ఫార్గో ఇంటి పక్క వేపచెట్టు కిందే ఉండిపోయింది. చాలా ఏళ్ళు. కొడుకుకు జుట్టు నెరిసింది. పశ్చాత్తాపం అతన్ని ఏనాడూ వదల్లేదనుకుంటాను, కానీ అతను ఆ మాట వాడలేదు. “దాన్ని మళ్ళీ నిలబెట్టాల” అని మాత్రం అనేవాడు. 2021 జూలైలో పాత వాహనాలకు కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేసుకోవచ్చు, నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు వస్తాయి. అతను కాగితాలు దులిపాడు. పేయింటరుతో, కమ్మరితో మాట్లాడుకున్నాడు. ముందు ఆర్‌టీఓ ఆఫీసుకు పోయి అడిగాడు.

కౌంటరులోని మనిషి నిబంధన చదివి వినిపించాడు. సొంతానికి వాడుకునే వాహనమై ఉండాలి, బాడుగ బండి కాకూడదు. ఛాసిస్ గాని, బాడీ గాని, ఇంజను గాని మార్చి ఉండకూడదు. ఆర్‌సీ తిరగేస్తే పెద్దాయన నిజాయితీ అందులో కనబడింది. ఇంజను మార్చిన ప్రతిసారీ ఇంట్లోవాళ్ళ చేత నంబరు నమోదు చేయించి, ముద్ర వేయించి పెట్టాడు. పుట్టినప్పటి ఇంజను ఉంటే ఏదో వాదించవచ్చునేమో. దాన్ని ఎప్పుడో కరిగించేశారు. బండిని పాతికేళ్ళు బతికించిన పీ-సిక్స్ కూడా ఆ కాగితం ముందు తప్పుగానే నిలబడింది.

నెల తిరక్కుండా పుదుప్పేట వాళ్ళు వచ్చారు. గ్యాసుతో ఛాసిస్ నంబరున్న ముక్క కోసి అతని చేతికిచ్చారు, ఆర్‌సీ రద్దుకు అది ఆఫీసులో ఇవ్వాలి. మిగిలింది లారీ మీదికి ఎక్కించారు. లారీ ఒకటి లారీలో పోతుంటే చూసి వీధిలో పిల్లలు నవ్వారు, పెద్దవాళ్ళు చూడలేక లోపలికెళ్ళిపోయారు.

ఆ వారంలోనే అతను పళ్ళిపట్టుకు బస్సెక్కాడు. బావి మీద పెట్టుకున్న రైతు పోయి చాలా ఏళ్ళయింది, మనవడు ఉన్నాడు. కరెంటు లేని వేళల్లో ఇప్పటికీ పీ-సిక్సే తోడుతోందట. తిప్పి చూపించాడు. ఒక్క గుంజుకు లేచింది. ఎంతైనా ఇస్తాను, ఇచ్చెయ్ అన్నాడు ఇతను. దేనికన్నా అని అడిగాడు ఆ కుర్రాడు. దేనికో చెప్పడానికి ఇతని దగ్గర బండి లేదు. “ఇచ్చేది లేదన్నా” అన్నాడు కుర్రాడు, మర్యాదగానే. “చెరుకుంది, నీళ్ళు ఆపితే ఎట్లా?”